క్యాష్‌లో కాగితాలు

కొన్నేళ్ల కిందట ఒక రాత్రి రెండు గంటలప్పుడు నేనొక సర్వర్లో ఒక డైరెక్టరీ ఖాళీ చేశాను. డిస్కు నిండిపోయిందని ఫోన్ మోగింది. లేచి లాప్‌టాప్ తెరిచాను. ఎక్కడ ఎంత చోటు పోయిందో చూస్తే /వార్/క్యాష్ కింద ఒక అప్లికేషన్ పేరుతో 40 జీబీ కనబడింది. క్యాష్ అంటే తెలిసిందే కదా, పోయినా మళ్లీ తయారు చేసుకోగలిగిన సరుకు. తుడిచేశాను. సర్వర్ కోలుకుంది. నేను పడుకున్నాను.

మర్నాడు పదకొండింటికి తెలిసింది, అవి స్కాలర్‌షిప్పు దరఖాస్తులకి జనం జతచేసిన కాగితాల స్కాన్లని. ఆదాయం సర్టిఫికెట్లు, కులం సర్టిఫికెట్లు, మార్కుల మెమోలు. పదకొండు రోజులుగా వచ్చినవి, ఇంకా పరిశీలనకి వెళ్లనివి. వాటికి ఇంకో కాపీ లేదు. బ్యాకప్ అయితే ఉంది. కానీ బ్యాకప్ ఏర్పాటు చేసినవాడు కూడా నాలాగే చదువుకున్నవాడు కాబట్టి, /వార్/క్యాష్‌ని వదిలేసి మిగతాదంతా భద్రంగా దాచాడు.

ఆ తప్పు ఎవరిది? ఆఫీసులో రెండు రోజుల్లో జవాబు దొరికింది. రిపోర్టు రాశారు, ముందుకెళ్లిపోయారు. నాకు మాత్రం ఇప్పటికీ సరిగ్గా దొరకలేదు. ఒక ఫైలుని డిస్కులో ఏ మూల పెట్టాలన్నది వినడానికి ఎంత చప్పటి విషయమో నాకు తెలుసు. పెళ్లిళ్లలో "నువ్వేం చేస్తుంటావు నాయనా" అని ఎవరైనా అడిగితే "కంప్యూటర్లండీ" అని ఊరుకుంటాను. కానీ ఆ చప్పటి విషయంలో ఒక మనిషికి ఇంకో మనిషి ఏం బాకీ ఉంటాడు అనే ప్రశ్న ఉంది. ఆ బాకీ మాట్లాడుకోవడానికే ఇదంతా.

ముందు ఇల్లు చూపిస్తాను. లినక్స్ మెషీన్లో ఫైళ్లన్నీ ఒకే చెట్టుకి వేలాడుతుంటాయి. ఆ చెట్టుకి కొన్ని పెద్ద కొమ్మలు. /యూఎస్ఆర్‌లో ఉండేది తయారు చేసినవాళ్లు ఇచ్చింది, ప్రోగ్రాములూ వాటికి కావలసినవీ. దాన్ని మనం ముట్టుకోం, అప్‌డేట్ వచ్చినప్పుడు వాళ్లే మారుస్తారు. /ఎట్సీలో ఉండేది మనం చెప్పింది: ఈ మెషీన్ పేరు ఇది, ఫలానావాళ్లని రానివ్వు, ఈ తలుపు మాత్రం తెరవకు. దీన్నే కాన్ఫిగరేషన్ అంటారు. /వార్‌లో ఉండేది మెషీన్ నడుస్తూ నడుస్తూ పోగేసుకున్నది: లాగులు, వచ్చిన మెయిలు, డేటాబేసులు, ప్రింటర్ దగ్గర వరసలో నిలబడ్డ కాగితాలు. దీన్ని స్టేట్ అంటారు, స్థితి అనుకోండి. /రన్‌లో ఉండేది ఈ పూటకే. మెషీన్ ఆపితే పోతుంది, పోవాలి కూడా. మళ్లీ /వార్‌లోనే గదులున్నాయి. పోతే తిరిగి రానిది /వార్/లిబ్‌లో పెట్టాలి. పోయినా పర్వాలేనిది /వార్/క్యాష్‌లో. మైఎస్‌క్యూఎల్‌లాంటి డేటాబేసులు మామూలుగా /వార్/లిబ్‌లోనే కాపురం ఉంటాయి. (డబ్బుని పిలిచే క్యాష్‌నీ దీన్నీ తెలుగులో ఒకేలా రాస్తాం. ఒకటి పోతే ఏడుస్తాం, ఇంకోటి పోతే పట్టించుకోం.)

ఇక్కడొక సంగతి గమనించాలి. ఈ గదుల మధ్య గోడల్లేవు. డిస్కుకి ఏ ఫైలైనా ఒకటే. క్యాష్‌లో పెట్టిన మార్కుల మెమో, లిబ్‌లో పెట్టిన మార్కుల మెమో బైటు బైటుకీ ఒకేలా ఉంటాయి. ఎవరైనా తప్పు గదిలో పెడుతుంటే మెషీన్ అడ్డం పడదు. అనుమతి ఉందా లేదా అని చూస్తుంది, అంతే. ఆ ఫైలుకి ఇది తగిన చోటా అని అడగదు. అంటే ఈ ఏర్పాటంతా ఒక మాట ఇవ్వడం మీద నిలబడి ఉంది. ఒక ఫైలుని /వార్/క్యాష్‌లో పెట్టినవాడు, ఎప్పుడో రాత్రిపూట అక్కడికి రాబోయే ముక్కూ మొహం తెలియని మనిషితో "నువ్వు దీన్ని పారేసినా ఎవరికీ ఏమీ కాదు" అంటున్నాడు. /ఎట్సీలో పెట్టినవాడు "ఇది ఒక మనిషి ఆలోచించి చెప్పిన మాట, అడక్కుండా మార్చకు" అంటున్నాడు.

మా అమ్మ చెప్పే కథొకటి ఉంది. మా తాతయ్యకి ప్రోనోట్లు పెట్టుకోవడానికి ఇనప్పెట్టె ఉండేది. అయినా ఒకసారి ఎవరికో చేబదులిచ్చి, చేతికి అందిందని ఆ లెక్క ఒక శుభలేఖ వెనకాల రాసి, శుభలేఖల కట్టలోనే దోపేశాడు. సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే ఆ కట్ట మా పెద్దమ్మ చేతికొచ్చింది. అప్పటికి పదేళ్ల పిల్ల. తీసుకెళ్లి భోగిమంటలో వేసింది. లెక్క పోయింది, పెద్దమ్మకి దెబ్బలు పడ్డాయి. అమ్మ ఇప్పటికీ ఆ మాటెత్తితే గొంతు పెంచుతుంది. "శుభలేఖ అనుకుని వేసింది. దాన్దేం తప్పు? రాసుకున్నాయనకి ఉండొద్దూ?"

చాలాకాలం నా సర్వర్ సంగతికి కూడా అదే తీర్పు అనుకుని ఊరట పొందాను. ఇప్పుడు అంత తేలిగ్గా అనిపించట్లేదు.

ఎందుకో చెప్పేముందు ఒక అభ్యంతరం చూడాలి. ఈ గదుల్ని ఎవరో మహానుభావుడు ధర్మశాస్త్రంలా కూర్చుని రాయలేదు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ రాస్తున్న రోజుల్లో, వాళ్ల దగ్గరున్న ఒక్కో డిస్కులో మూడు మెగాబైట్లు కూడా పట్టేవి కావు. ఇవాళ ఫోన్లో తీసే ఒక ఫోటో అంత. /యూఎస్ఆర్ అప్పట్లో యూజర్లు, అంటే అక్కడ పనిచేసే మనుషులు, తమ ఫైళ్లు పెట్టుకునే చోటు. మొదటి డిస్కులో ప్రోగ్రాములు పట్టకపోయేసరికి అవి రెండో డిస్కు మీదున్న ఈ చోటులోకి పొర్లాయి. వచ్చిన చుట్టాలు వెళ్లలేదు, ఇంటివాళ్లే వేరే చోటుకి మారారు. ఇవాళ /యూఎస్ఆర్‌లో యూజర్ల ఫైళ్లు తప్ప అన్నీ ఉంటాయి.

/ఎట్సీ అన్న పేరు ఎట్సెట్రాలోంచి వచ్చింది. మన భాషలో వగైరా. ఎక్కడ పెట్టాలో తోచనివన్నీ పడేసిన డబ్బా అన్నమాట. 1979 నాటి యూనిక్స్ ఏడో ఎడిషన్ చూస్తే, పాస్‌వర్డుల ఫైలు ఉన్న ఈ డబ్బాలోనే మెషీన్‌ని లేపే ప్రోగ్రామూ ఉంది, ఈ నిమిషంలో ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో రాసుకునే యూటీఎంపీ ఫైలూ ఉంది. మనిషి చెప్పిన మాట, మెషీన్ చేసే పని, మెషీన్ గుర్తు పెట్టుకున్నది అన్నీ ఒకే డబ్బాలో. ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు, ఎందుకంటే ఆ డబ్బా వాడేవాళ్లందరికీ ఒకరికొకరు తెలుసు. ఏదైనా అనుమానం వస్తే పక్క గదిలోకి వెళ్లి అడగొచ్చు.

అడగడానికి వీల్లేనప్పుడే గదులు అవసరమయ్యాయి. 1980ల్లో సన్ కంపెనీ సొంత డిస్కు లేని వర్క్‌స్టేషన్లు అమ్మింది. పది మెషీన్లు నెట్‌వర్క్ మీద ఒకే /యూఎస్ఆర్‌ని పంచుకోవాలి. పంచుకోవాలంటే దాంట్లో ఎవరూ రాయకూడదు. మరి మెయిలు, లాగులు, ప్రింటర్ వరసలు, అప్పటిదాకా /యూఎస్ఆర్ కిందే ఉన్నవి, ఎక్కడికి పోవాలి? అలా మారేవాటికి విడిగా /వార్ పుట్టింది. మారేది, మారనిది అన్న తేడా ఒక డైరెక్టరీ పేరుగా మారడం అప్పుడే. 1994 ఫిబ్రవరిలో లినక్స్ వాళ్లు ఏది ఎక్కడుండాలో ఒక పత్రం ప్రకటించారు. అదే ఇప్పటి ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్‌కి తొలిరూపం. దాని మూడో వెర్షన్ 2015లో వచ్చింది. ఆ పత్రం ఏ ఫైలునైనా రెండే ప్రశ్నలు అడుగుతుంది: నువ్వు మారతావా? నిన్ను ఇంకో మెషీన్‌తో పంచుకోవచ్చా?

సరే, అభ్యంతరం ఏమిటంటే, ఇన్ని యాదృచ్ఛికాల మీద కట్టిన ఏర్పాటుకి కట్టుబడమని నన్ను ఎవరు అడగగలరు? డిస్కు నిండిందని పుట్టిన గది నాకు నీతి ఎలా అవుతుంది? డేవిడ్ లూయిస్ అనే తాత్వికుడు 1969లో 'కన్వెన్షన్' అని ఒక పుస్తకం రాశాడు. (యూనిక్స్ పని మొదలైంది కూడా ఆ ఏడాదే. కాకతాళీయం.) ఆయన వాదం నా మాటల్లో చెప్తే: మనం రోడ్డుకి ఎడమ పక్కన నడపడానికి ఎడమలో ప్రత్యేకంగా ఏ గొప్పా లేదు. కుడి అయినా సరిపోయేది. అందరూ ఎడమన నడుపుతారని నేను, నేను ఎడమన నడుపుతానని అందరూ నమ్ముతున్నారు కాబట్టే ఎడమకి బలం. పుట్టుక ఎలాంటిదైనా, ఒకసారి నలుగురూ నమ్మాక అది ఆషామాషీ వ్యవహారం కాదు. రాంగ్ రూట్‌లో వచ్చేవాడు "ఎడమ అనేది యాదృచ్ఛికం" అని తత్వం చెప్తే ఎవరం ఒప్పుకుంటాం? (హైదరాబాద్‌లో ఒప్పుకోవాల్సి వస్తుంది, అది వేరే సంగతి.)

అక్కడిదాకా నాకు సమ్మతమే. కానీ /ఎట్సీ విషయంలో ఒట్టి ఒప్పందం కంటే ఎక్కువే ఏదో ఉందని నా అనుమానం.

డెబియన్ వాళ్ల నియమం ఒకటి చూడండి. ఒక సాఫ్ట్‌వేర్‌ని అప్‌గ్రేడ్ చేసేటప్పుడు, కాన్ఫిగరేషన్ ఫైళ్లలో ఆ మెషీన్ యజమాని చేసుకున్న మార్పులు చెడిపోకూడదు. కొత్త వెర్షన్‌లో వేరే ఫైలు వచ్చి, మీ దగ్గర మీరు దిద్దుకున్న ఫైలు ఉంటే, మెషీన్ ఆగి అడుగుతుంది: మీది ఉంచనా, కొత్తది పెట్టనా? మీరు ఊరికే ఎంటర్ నొక్కితే మీదే ఉంచుతుంది. రాసినవాడి తెలివి మీ తెలివికంటే ఎక్కువే కావచ్చు, మీ మార్పు తెలివితక్కువదే కావచ్చు. అయినా అది మీ మాట. దాన్ని మీకు తెలియకుండా దిద్దితే, రేపు ఎవరో వచ్చి చదివినప్పుడు మీరు అనని మాట మీ నోట్లో ఉంటుంది.

దీనికి పూర్తి విరుద్ధంగా రిజాల్వ్ కాన్ఫ్ అనే ఫైలుంది. ఇంటర్నెట్‌లో పేర్లు ఎవరినడిగి తెలుసుకోవాలో చెప్పే ఫైలు. ఒకప్పుడు మనిషే రాసేవాడు, ఒకసారి రాస్తే ఏళ్ల తరబడి ఉండేది, /ఎట్సీలో ఉండటం న్యాయమే. తర్వాత లాప్‌టాప్‌లు వచ్చాయి. ఇంట్లో ఒక నెట్‌వర్క్, ఆఫీసులో ఒకటి, కాఫీ షాపులో ఒకటి. చేరిన ప్రతిచోటా మెషీనే ఆ ఫైలుని తిరగరాయడం మొదలుపెట్టింది. పాతకాలం అలవాటుతో ఎవడైనా వెళ్లి తన చేత్తో దిద్దుకుంటే, వైఫై మారగానే ఆ దిద్దుబాటు గాలికి పోయేది. నేనూ పోగొట్టుకున్నాను. చివరికి ఆ ఫైలు నెత్తిన "ఇది మెషీన్ రాసింది, దిద్దకండి" అని ఒక హెచ్చరిక వెలిసింది. మనిషి మాట కోసం కట్టిన గదిలో మనిషిని రావద్దంటూ బోర్డు. ఉబుంటులో ఇప్పుడు అది /ఎట్సీలో పేరుకే ఉంటుంది, అసలు ఫైలు /రన్‌లో ఉంటుంది, ఇది ఒక లింకు మాత్రమే. నన్నడిగితే ఇదే నిజాయితీ. పాత చిరునామాకి వచ్చేవాళ్లకి దారి చూపిస్తూనే, ఇది పూటకూళ్ల సరుకని ఒప్పుకుంది.

అన్నీ ఇంత చక్కగా విడిపోవు. షాడో అనే ఫైలు /ఎట్సీలోనే ఉంటుంది. మీ పాస్‌వర్డు గుర్తుతోపాటు, దాన్ని మీరు చివరిసారి ఏ రోజు మార్చారో కూడా దాంట్లోనే ఉంటుంది, 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన రోజుల్లో. పాస్‌వర్డు నా నిర్ణయం. ఆ తేదీ నాకు జరిగినది. రెండూ ఒకే వరసలో, మధ్యలో ఒక కోలన్. మనిషి ఎంచుకున్నదీ మనిషికి సంభవించినదీ ఎక్కడ విడిపోతాయో తేల్చమంటే వేదాంతులే తడబడతారు, పాపం ఒక టెక్స్ట్ ఫైలు ఏం చేస్తుంది. మన సొంత ఫైళ్లుండే హోమ్ డైరెక్టరీలో సెట్టింగులు, డేటా, క్యాష్ ఎక్కడ పెట్టాలో చెప్పే ప్రమాణం 2003 నుంచీ ఉంది. కానీ స్థితికంటూ విడిగా గది ఇచ్చింది 2021లో. ఏ ఫైలు చివరిగా తెరిచారో, ఏ కమాండ్లు కొట్టారో, ఇలాంటివి నిర్ణయాలూ కావు, పోగొట్టుకోకూడని డేటా కూడా కావు అని పేరు పెట్టడానికే అన్నేళ్లు పట్టింది.

ఇక మళ్లీ ఆ రాత్రికి.

ఆ అప్లికేషన్ రాసిన కుర్రాణ్ని అడిగాను, అక్కడెందుకు పెట్టావని. తల దించుకుని చెప్పాడు. "అన్నా, అక్కడ రాయనీకి పర్మిషన్ ఉండె. లిబ్‌ల కొత్త డైరెక్టరీ కావాలంటే టికెట్ పెట్టాలె, మూడు వారాలు పడుతది అన్నరు. లాంచ్ ఎల్లుండి. మళ్ల మారుద్దామనుకున్న." మారుద్దామనుకున్నాడు, నిజమే. వాడి కోడ్‌లో ఆ వరస పక్కనే "తర్వాత మార్చాలి" అని కామెంట్ కూడా ఉంది. కానీ ఆ కామెంట్ నాకు కనబడేచోట లేదు. నాకు కనబడింది డైరెక్టరీ పేరు ఒక్కటే.

మూడు వారాల టికెట్ నియమం పెట్టింది నేనున్న టీమే. ఎవరు పడితే వాళ్లు /వార్/లిబ్‌లో చెత్త పోయకూడదని. క్యాష్‌కి మాత్రం అడగక్కర్లేదు, ఎలాగూ పోయేదే కదా అని. అంటే సరైన చోటుకి తాళం వేసి, తప్పు చోటు తలుపు బార్లా తీసిపెట్టాం. రిపోర్టులో ఈ వాక్యం లేదు. "డెవలపర్ ప్రమాణాన్ని పాటించలేదు" అని ఉంది, అది అబద్ధం కాదు.

ఇక్కడిదాకా వచ్చాక కూడా నా పని నేను సవ్యంగా చేశాననే అనుకునేవాణ్ణి, ఆ ఫోన్లు చెయ్యాల్సిన పని నాకు పడకపోయి ఉంటే. కాగితాలు మళ్లీ అప్‌లోడ్ చెయ్యమని వందమందికి పైగా చెప్పాలి. మెసేజ్ పంపితే సగంమంది చూడలేదు. జాబితా పంచుకుని ఫోన్లు చేశాం. పాలమూరు వైపు నుంచి ఒక నాన్న మాట్లాడాడు. కూతురి దరఖాస్తు.

"ఒక్కసారి ఇచ్చినం కద సార్. మళ్ల ఎందుకియ్యాలె?"

సర్వర్లో సమస్య వచ్చిందండీ అన్నాను.

"అంటే మేమిచ్చినయి పోయినయా?"

పోయాయన్నాను.

"ఎవలు పోగొట్టిండ్రు సార్?"

కోపంగా అడగలేదు. ఎవరో ఒకరు పోగొట్టి ఉంటారు కదా, ఎవరు అన్నట్టు అడిగాడు. నేను లూయిస్‌ని తీసుకురాలేకపోయాను. లూయిస్ చెప్పే ఒప్పందం నాకూ ఆ కుర్రాడికీ మధ్య ఉన్నది. మా ఇద్దరిలో దాన్ని తప్పింది వాడు, నేను కాదు. మా ఇద్దరి మధ్య లెక్క తేలుతుంది. కానీ ఈ మనిషి ఆ ఒప్పందంలో లేడు. ఆయనకి క్యాష్ తెలియదు, లిబ్ తెలియదు, 1994 తెలియదు. ఆయన ఒక రోజు కూలి వదులుకుని బస్సెక్కి, నెట్ సెంటర్‌లో డబ్బులిచ్చి కాగితాలు స్కాన్ చేయించి, మాకు అప్పజెప్పాడు. ప్రమాణం ప్రకారం పారేశాను అనేది ఆయనకి జవాబు కాదు. మా పెద్దమ్మకి ఆ జవాబు సరిపోతుంది, పదేళ్ల పిల్ల. నేను జీతం తీసుకుని ఆ చీపురు పట్టుకున్నవాణ్ణి. తుడిచేముందు ఒక్క ఫైలు తెరిచి చూస్తే పదిసెకన్లు పట్టేది. ఒక పిల్ల మార్కుల మెమో కనబడేది.

అలాగని ప్రతిదీ తెరిచి చూడాలంటే గదులకి పేర్లు పెట్టుకున్నది ఎందుకు? ఈ మాట నాకు నేను చాలాసార్లు వేసుకున్నాను. ప్రతి డబ్బా మూత తీసి వాసన చూశాకే పోపు వేస్తానంటే వంట పూర్తి కాదు. నమ్మకం అనేది చూడకుండా ఉండగలగడమే. కానీ నమ్మి పారేసేటప్పుడు, ఆ నమ్మకం తప్పైతే నష్టపోయేది నేనా, ఇంకొకరా అన్నది ఒక లెక్కలోకి రావాలి. నా సొంత లాప్‌టాప్‌లో క్యాష్‌ని ఇప్పటికీ చూడకుండానే తుడుస్తాను. అక్కడ పోయేది నాదే.

"నేనే అండీ" అని చెప్పాను ఆయనకి. కాసేపు ఏమీ అనలేదు. "సరే సార్, సోమవారం పోయి మళ్ల ఏపిస్త" అని పెట్టేశాడు. సోమవారం సాయంత్రానికి ఆ దరఖాస్తుకి కాగితాలు వచ్చాయి, చూశాను. ఒక మెమో వంకరగా స్కాన్ అయింది, చదవడానికి వచ్చింది.

తర్వాతి వారం /వార్/లిబ్‌లో ఆ అప్లికేషన్‌కి డైరెక్టరీ ఇచ్చారు, టికెట్ లేకుండానే. ఫైళ్లు అక్కడికి మార్చాం, బ్యాకప్‌లో చేర్చాం. కోడ్‌లో పాత దారి నాలుగైదు చోట్ల ఉందని, ఇప్పుడు కదిపితే ఇంకేం విరుగుతుందోనని, క్యాష్‌లో పాత పేరుతోనే ఒక లింకు పెట్టాం. అక్కడ రాసింది ఇక్కడికి వస్తుంది. మళ్లీ మారుద్దామనుకున్నాం. నేను ఆ ఉద్యోగం మానేసేనాటికి ఆ లింకు అలాగే ఉంది.